చక్రాల కుర్చీలో కూర్చుని చేయూతనిచ్చిన వైద్యురాలు: డాక్టర్ మేరీ వర్గీస్

నంద్యాల నుండి ఆళ్లగడ్డ మీదుగా దక్షిణానికి సాగిపోయే పెద్ద బాట కొత్తపల్లె వాసులకు చిరపరిచితమైనది. ఆ బాటే మైదుకూరు, కడప, రాయచోటి, చిత్తూరు పట్టణాలను దాటి రాణిపేట చేరుతుంది. అక్కడికి వేలూరు సమీపంలోనే ఉన్నది. మన సీమలో జబ్బు ముదిరి, ఉన్న ఊరి వైద్యం చాలదనిపించినప్పుడు రోగిని రాయవేలూరికి తీసుకొనిపోవడం మూడు తరాలుగా వస్తున్న ఆనవాయితీ. రోగులను ఆసుపత్రికి చేర్చేదీ ఈ బాటే. వాహనాల వేగానికి తలలు పగిలేదీ, నడుములు విరిగేదీ ఈ బాట మీదనే. అటువంటి ప్రమాదంలో ఒక మనిషి ప్రాణాలతో బయటపడ్డాడని విన్నప్పుడు, గండం గడిచిందని మనమందరం ఊపిరి పీల్చుకుంటాము. కాని ఆ మనిషికి అసలు పరీక్ష అప్పుడే మొదలవుతుంది. ప్రాణం దక్కినది సరే, బ్రతుకు దక్కేదెట్లా? తన చొక్కా తాను తొడుగుకొనడం, తన అన్నం తాను తినడం, తన పనికి తాను పోవడం మరల ఎట్లా సాధ్యమవుతుంది? ఈ ప్రశ్నకు తన జీవితాన్నే సమాధానంగా ఇచ్చిన ఒక వనితామణి చరిత్రను విద్యార్థి మిత్రుల ముందుంచడమే ఈ వ్యాసం యొక్క ఉద్దేశం.

డాక్టర్ మేరీ వర్గీస్ 1925వ సంవత్సరం మే 26వ తేదీన నాటి కొచ్చిన్ సంస్థానంలో జన్మించారు. ఆమెది కలిగిన కుటుంబం. ఆ ప్రాంతంలో ఆడపిల్లల చదువుకు ఆనాటికే కొంత ఆదరణ ఉన్నప్పటికీ, ఒక యువతి వైద్యవిద్యకై సొంత ఊరు విడిచి, భాష వేరైన మరొక నగరానికి వెళ్లడం అంత సామాన్యమైన విషయం కాదు. 1946లో ఆమె వేలూరు క్రైస్తవ వైద్య కళాశాలలో ప్రవేశించారు.

ఆ కళాశాల చరిత్ర కూడా ఒక మహిళ పట్టుదలతో ముడివడినదే. 1900లో ఐడా స్కడర్ అనే అమెరికా వైద్యురాలు ఒకే ఒక్క మంచంతో వేలూరులో చికిత్స ప్రారంభించారు. 1918లో స్త్రీలకు మాత్రమే వైద్య పాఠశాలను నెలకొల్పారు. 1947 వరకు అక్కడ పురుషులకు ప్రవేశం లేదు. ఇటువంటి విద్యాలయంలో చదువుకున్న మేరీకి వైద్యం అనేది జీవనోపాధికి మించిన సేవాధర్మం అనే భావన సహజంగానే అబ్బినది. పట్టభద్రురాలైన పిమ్మట అదే ఆసుపత్రిలో వైద్యురాలిగా చేరి, స్త్రీల వ్యాధుల చికిత్సలో ప్రావీణ్యం సంపాదించాలని ఆశించారు. ఆమె ముందున్న మార్గం నిష్కంటకంగానే కనిపించింది.

1954 జనవరి 30వ తేదీ. గాంధీజీ అమరుడై సరిగా ఆరు సంవత్సరాలు గడచిన రోజు. కొందరు యువ వైద్యులు కలిసి ఒక మోటారు వాహనంలో విహారానికి బయలుదేరారు. వారిలో మేరీ కూడా ఉన్నారు. దారిలో వాహనం అదుపు తప్పి పల్టీలు కొట్టింది. పలువురు గాయపడ్డారు. అందరిలోకి మేరీకి తగిలిన దెబ్బలు దారుణమైనవి. ముఖం ఛిద్రమైంది. వెన్నెముక దెబ్బతిన్నది. నడుము క్రింది భాగం చలనాన్నీ స్పర్శనూ కూడా కోల్పోయింది. అప్పటికి ఆమె వయస్సు ఇరువదియెనిమిది సంవత్సరాలు. ఉదయం రోగులను పరామర్శించే వైద్యురాలిగా ఉన్న వ్యక్తి సాయంకాలానికి అదే ఆసుపత్రిలో రోగి అయినారు.

ఈనాటి పాఠకులు ఒక్క విషయం గమనించవలె. ఆ కాలంలో వెన్నుపాము తెగిన రోగి చాలా దినాలు బ్రతకడమే అరుదు. కదలిక లేని శరీరం ఒకే భంగిమలో పడి ఉన్నచో, స్పర్శ లేని చోట చర్మం ఒరుసుకొని పుండ్లు పడతాయి. మూత్రం సక్రమంగా వెడలక, సూక్ష్మజీవులు మూత్రపిండాలకు ప్రాకుతాయి. రోగిని చంపేవి వెన్నెముక గాయం కంటె ఈ రెండే. ఇంగ్లండులో లుడ్విగ్ గుట్‌మన్ అనే వైద్యుడు 1944లో స్టోక్ మాండవిల్ ఆసుపత్రిలో ప్రత్యేక విభాగం తెరచి, రోగిని రెండేసి గంటలకు ఒకసారి ప్రక్కకు తిప్పడం, మూత్ర విసర్జనను క్రమబద్ధం చేయడం, మంచం దింపి ఆటలు ఆడించడం అనే పద్ధతులతో ఈ మరణాలను గణనీయంగా తగ్గించగలిగారు. కాని మన దేశంలో అట్టి రోగులను చేర్చుకొని, తిరిగి జీవనానికి సిద్ధం చేసి పంపే విభాగం 1954 నాటికి లేదు. వికలాంగుల హక్కులను గుర్తించే సమగ్ర చట్టం అంటూ ఒకటి రావడానికి ఇంకా నాలుగు దశాబ్దాలు పట్టింది. అది 1995లో వచ్చింది.

తాను వైద్యురాలైనందువలన మేరీకి తన స్థితి గురించి భ్రమలు లేవు. ఇక తన కాళ్లపై నిలువలేనని ఆమెకు తెలుసు. శస్త్రచికిత్సలు జరిగాయి. నొప్పి, నిద్రలేమి, నిస్పృహ నెలల తరబడి వెన్నాడాయి. ఎంతటి ధైర్యవంతులకైనా ఆ దశలో కలిగే ఆలోచన ఒక్కటే, ఇక తాను ఎవరికీ పనికిరానని. సాటి మనుషుల జాలి కూడా ఆ భావాన్నే బలపరుస్తుంది. మంచం చుట్టూ చేరి కన్నీరు కార్చేవారు పెక్కుమంది ఉంటారు. ఆ మంచం నుండి చేయగల పని ఏదో వెదికి చూపేవారు మాత్రం అరుదు.

మేరీ విషయంలో అట్టివాడు ఒకడు దొరికాడు. ఆయన డాక్టర్ పాల్ బ్రాండ్. 1946లో వేలూరు వచ్చిన ఈ ఆంగ్లేయ శస్త్రవైద్యుడు కుష్ఠు రోగుల చేతులపై పరిశోధన చేస్తున్నారు. కుష్ఠు వ్యాధి నరాలను దెబ్బతీస్తుంది. దానితో అరచేతిలోని చిన్న కండరాలు చచ్చుబడి, వ్రేళ్లు గోళ్లవలె ముడుచుకొనిపోతాయి. బాగుగా ఉన్న మరొక కండరం యొక్క స్నాయువును మళ్లించి, ముడుచుకొన్న వ్రేళ్లకు అతికినచో చేయి మరల తెరుచుకుంటుందని బ్రాండ్ నిరూపించారు. మేరీ ఎదుట ఆయన ఉంచిన ఆలోచన సులభమైనదే, కాని ఎవరికీ తోచనిది. చేతికి చేసే శస్త్రచికిత్స కూర్చుని చేయదగినది. దానికి నిలబడే కాళ్లు అక్కరలేదు. స్థిరమైన చేతులూ, నిశితమైన బుద్ధీ, ఓర్పూ కావలె. ఆ మూడూ మేరీ వద్ద చెక్కుచెదరక ఉన్నాయి.

ఇక్కడ ఆగి ఆలోచించవలసిన సూక్ష్మం ఒకటున్నది. బ్రాండ్ ఆమెకు పోయినదేమిటి అని లెక్కించలేదు, మిగిలినదేమిటి అని లెక్కించారు. ఆ మిగిలినదానికి తగిన పనిని వెదికారు. పనికి తగినట్లు మనిషిని వంచక, మనిషికి తగినట్లు పనినీ పరిసరాలనూ అమర్చారు. ఇదే పునరావాస వైద్యానికి పునాది సూత్రం.

మేరీ చక్రాల కుర్చీలో శస్త్రచికిత్సాగారంలోకి ప్రవేశించారు. కుర్చీలోనే కూర్చుని కుష్ఠు రోగుల చేతులకు చికిత్స చేయడం నేర్చుకున్నారు. సమాజం దూరంగా నెట్టివేసిన ఆ రోగులకు ఆమె రాక ఒక అపూర్వమైన దృశ్యం. తమకంటె ఎక్కువ కోల్పోయిన ఒక మనిషి తమ చేతులను బాగుచేస్తున్నది. ఎన్ని హితబోధలు విన్నా కలుగని ధైర్యం ఆ ఒక్క దృశ్యంతో కలుగక మానదు. మన ఉర్దూ మిత్రులు హిమ్మత్ అని పిలిచే గుణం అంటే ఇదే కాబోలు.

అయితే శస్త్రచికిత్సతోనే చేయి పూర్తిగా స్వస్థత పొందదు. స్థానం మారిన స్నాయువు ఇంతకుముందు ఒక పని చేసేది, ఇప్పుడు మరొక పని చేయవలె. ఆ సంగతి మెదడు క్రొత్తగా నేర్చుకొనవలె. వారాల తరబడి అభ్యాసం కావలె. వ్రేళ్లు చాచగలిగినంతమాత్రాన చాలదు. చెంబు పట్టుకొనగలగాలి, బొత్తాము పెట్టుకొనగలగాలి, అన్నం కలిపి ముద్ద నోట పెట్టుకొనగలగాలి. అప్పుడే అది చేయి. ఈ సత్యం మేరీకి రోగుల చేతులలోనూ, తన శరీరంలోనూ ఏకకాలంలో బోధపడింది.

తన విషయంలో ఆమె పరాధీనతకు అంగీకరించలేదు. ఆస్ట్రేలియాలోని పెర్త్ నగరానికి వెళ్లి, అక్కడ వెన్నుపాము గాయపడినవారికై నెలకొన్న కేంద్రంలో శిక్షణ పొందారు. అటువంటి కేంద్రాలలో నేర్పేవి వినడానికి అతి స్వల్పమైన విషయాలు. పడక మీద తనకు తానుగా ప్రక్కకు తిరగడం, చేతుల బలంతో లేచి కూర్చొనడం, తూలిపోకుండా నిలద్రొక్కుకొనడం, పడక నుండి కుర్చీకి, కుర్చీ నుండి స్నానపు గదికి జరగడం, బట్టలు తొడుగుకొనడం, పుండ్లు పడకుండా కొద్దిసేపటికి ఒకసారి కుర్చీలో శరీరాన్ని పైకెత్తుకొనడం. పసిబిడ్డ రెండు మూడేండ్లలో అప్రయత్నంగా నేర్చే వీటిని పెద్దవయస్సులో, సగం శరీరంతో, తిరిగి నేర్చుకొనడం ఎంతటి తపస్సో అనుభవించినవారికే తెలియాలి. కాని ఆ తపస్సు ఫలించిన దినాన మనిషి ఇతరుల చేతులలోని వస్తువు కాక తిరిగి మనిషి అవుతాడు.

అక్కడితో ఆమె తృప్తి చెందలేదు. తాను పొందినది తన దేశంలోని రోగులకు అందవలెనని సంకల్పించి, అమెరికా వెళ్లి న్యూయార్కులో డాక్టర్ హోవర్డ్ రస్క్ నడిపే పునరావాస వైద్య సంస్థలో ఉన్నత శిక్షణ పొందారు. రెండవ ప్రపంచ యుద్ధంలో గాయపడిన సైనికులను తిరిగి జీవనంలో నిలబెట్టిన అనుభవంతో ఈ శాస్త్రాన్ని వైద్యంలో ఒక ప్రత్యేక శాఖగా రూపొందించినవారిలో రస్క్ ప్రముఖుడు. చక్రాల కుర్చీలో ఉన్న ఒక భారతీయ వనిత ఒంటరిగా ఆ మహానగరంలో జీవిస్తూ విద్య నేర్చి రావడమే ఆ శాస్త్రానికి గొప్ప నిదర్శనం.

1963లో ఆమె వేలూరులో పునరావాస వైద్య విభాగానికి అధిపతి అయినారు. 1966లో వేలూరు శివారులోని బాగాయంలో పునరావాస సంస్థ వెలసింది. రోగులను చేర్చుకొని, నెలల తరబడి ఉంచుకొని, ఇంటికి పోయి జీవించగల స్థితికి తెచ్చి పంపే సంస్థగా అది మన దేశంలో మొదటిది. వెన్నుపాము గాయాలు, పక్షవాతం, అవయవ నష్టం, మెదడు గాయాలు మొదలైన వాటికి చికిత్స ఈ శాఖ పరిధిలోనిదే. ఆసుపత్రిలోని తక్కిన విభాగాలు రోగం పోయినదా అని అడుగుతాయి. ఈ విభాగం రోగి రేపు ఉదయం లేచి ఏమి చేయగలడు అని అడుగుతుంది.

ఈ శాఖలో ఒక ముఖ్యమైన అంగం ఆక్యుపేషనల్ థెరపీ. దానిని వృత్తి చికిత్స అని తెలుగులో వ్యవహరించినందువలన ఉద్యోగానికి సంబంధించినదని పొరబడేవారు కలరు. ఇక్కడ వృత్తి అంటే మనిషి దినమంతా చేసే పనులన్నీ. పండ్లు తోముకొనడం మొదలు పొయ్యి వెలిగించడం, పుస్తకం చదవడం, పొలానికి పోవడం వరకు అన్నీ అందులోనివే. కండరాల బలాన్నీ కదలికనూ ముఖ్యంగా చూచేది ఫిజియోథెరపీ కాగా, ఆ బలాన్ని నిత్యకృత్యంగా మార్చేది ఆక్యుపేషనల్ థెరపీ. మన దేశంలో దీనికి తొలి పాఠశాలను 1950లో బొంబాయి కె.ఇ.ఎం. ఆసుపత్రిలో కమలా నింబ్కర్ స్థాపించారు. ఆమె అమెరికాలో పుట్టి, భారతీయుని వివాహమాడి, ఈ దేశాన్నే తన దేశంగా చేసుకొన్న వనిత. 1952లో అఖిల భారత సంఘం ఏర్పడింది. అదే సంవత్సరం ప్రపంచ సమాఖ్యను స్థాపించిన పది దేశాలలో భారతదేశం ఒకటి కావడం మనకు గర్వకారణం.

ఈ చికిత్స పక్షవాతానికీ, విరిగిన వెన్నుకే పరిమితం కాదు. మన విద్యార్థులలో ఎవరికైనా రేపు సంభవించగల ఒక చిన్న ఉదాహరణ చెబుతాను. మోటారు సైకిలు మీది నుండి పడి గాని, ఆటస్థలంలో ఢీకొని గాని తలకు దెబ్బ తగులుతుంది. క్షణకాలం కళ్లు బైర్లు కమ్ముతాయి. స్పృహ తప్పవచ్చు, తప్పకపోవచ్చు. వైద్యులు దీనిని కంకషన్ అంటారు. అనగా పుర్రెలోని మెదడు అదిరిన స్థితి. స్కానులో ఏ లోపమూ కనిపించక పోవచ్చు. కట్టు లేదు, కుట్టు లేదు. కాని ఇంటికి వచ్చిన బిడ్డకు తలనొప్పి, తల తిప్పు, వెలుతురు చూడలేకపోవడం, చప్పుడు భరించలేకపోవడం, చదివినది నిలువకపోవడం, చీటికి మాటికి విసుగు, వేళకు నిద్ర పట్టకపోవడం మొదలవుతాయి. పైకి గాయం కనబడనందున పెద్దలు సోమరితనమని కోప్పడతారు, స్నేహితులు నటన అంటారు. దెబ్బ కంటె ఈ అపనింద ఎక్కువ బాధిస్తుంది.

ఇట్టి స్థితిలో వెనుకటివారు చీకటి గదిలో వారాల తరబడి పడుకొనమనేవారు. నేటి వైద్యశాస్త్రం అది మేలు కాదంటున్నది. మొదటి ఒకటి రెండు దినాలు విశ్రాంతి చాలును. ఆ పిమ్మట లక్షణాలు ముదరని మేరకు పనిని కొద్దికొద్దిగా పెంచుకొంటూ పోవలె. ఈ కొలతను చూపించేవారే ఆక్యుపేషనల్ థెరపిస్టులు. రోగి దినచర్యను వరుసగా వ్రాయిస్తారు. ఏ పనికి తల బరువెక్కుతున్నదో గుర్తిస్తారు. పెద్ద పనిని చిన్న భాగాలుగా విడదీసి, నడుమ విరామం ఉంచుతారు. తేనీరు కాచడం వంటి సాధారణమైన పనిని చేయించి చూస్తారు. నీళ్లు, పాలు, ఆకు, చక్కెర, పొయ్యి ఆర్పడం, ఈ వరుసలో ఎక్కడ మరపు వస్తున్నదో అక్కడ తెలిసిపోతుంది. జ్ఞాపకానికి ఒక చిన్న పుస్తకం జేబులో ఉంచుకొనమంటారు. ఒక సమయంలో ఒకే పని చేయమంటారు. చదువు ముందు కొద్ది నిమిషాలతో మొదలుపెట్టి క్రమంగా పెంచుతారు. ఆటలకు మాత్రం అన్నిటికంటె చివరనే అనుమతి, అదీ వైద్యుడు సరేనన్న తరువాతనే. ఏలననగా మొదటి దెబ్బ మానకముందే తగిలే రెండవ దెబ్బ ప్రమాదకరం. ఈ విధంగా నడచుకొన్నచో అధిక సంఖ్యాకులు కొద్ది వారాలలోనే కోలుకుంటారు. కొందరికి నెలలు పట్టవచ్చు. అయితే మాటిమాటికి వాంతులు, మూర్ఛ, పెరిగిపోయే తలనొప్పి, లేపినా లేవని మగత, కాలు సేతుల బలహీనత కనిపిస్తే ఒక్క గడియ కూడా ఆలస్యం చేయక ఆసుపత్రికి పోవలసినదే.

మేరీ వర్గీస్ వెన్నెముక విషయంలోనూ, ఈ చిన్న మెదడు దెబ్బ విషయంలోనూ సూత్రం ఒక్కటే. నేటి శక్తిని సరిగా కొలవడం, దానికి తగిన పనిని ఇవ్వడం, రేపు ఒక మెట్టు ఎక్కించడం. ఆళ్లగడ్డ శిల్పి రాతిని ఒక్క దెబ్బతో విగ్రహం చేయడు. ఉలి కొనతో కొంచెం కొంచెంగా రూపం తీసుకొని వస్తాడు. తిరిగి బ్రతుకు నేర్చుకొనడమూ అట్టిదే.

డాక్టర్ మేరీ సేవలను గుర్తించి భారత ప్రభుత్వం 1972లో పద్మశ్రీ బిరుదంతో సత్కరించింది. డొరోతీ క్లార్క్ విల్సన్ అనే రచయిత్రి ఆమె జీవితాన్ని టేక్ మై హ్యాండ్స్ అనే పేర గ్రంథస్థం చేయగా ఆమె కథ దేశదేశాలకు చేరింది. ఆమె పేరిట ఒక ధర్మసంస్థ వికలాంగులకు వృత్తి శిక్షణ ఇవ్వడానికై ఏర్పడింది. 1986 డిసెంబరులో ఆమె పరమపదించారు. ప్రమాదం జరిగిన నాటి నుండి ముప్పదిరెండేండ్లకు పైగా చక్రాల కుర్చీలోనే జీవించి, నడవగలిగిన ఎందరో చేయలేని పనిని ఆమె చేశారు.

విద్యార్థి మిత్రులారా! మహనీయుల చరిత్రలు చదివి చేతులు జోడించినంతమాత్రాన ప్రయోజనం లేదు. మన పల్లెలలో ప్రమాదం నుండి బయటపడినవారు వసారాలో నులకమంచానికి అంకితమై ఉండడం మనం చూస్తూనే ఉన్నాము. ప్రేమ కొద్దీ ఇంటివారు వారిని ఏ పనీ ముట్టనివ్వరు. అన్నం కూడా కలిపి తినిపిస్తారు. ఆ ప్రేమే వారిని మంచానికి మరింత గట్టిగా కట్టివేస్తుంది. ఆలస్యమైనా సరే, మెతుకులు చిందినా సరే, వారి ముద్ద వారిని కలుపుకొననిద్దాము. తలకు దెబ్బ తగిలి తరగతికి తిరిగి వచ్చిన స్నేహితుని ఎగతాళి చేయక, వ్రాసుకొన్న పాఠాలు ఇద్దాము. బండి ఎక్కేముందు శిరస్త్రాణం ధరించడం మరువకుందాము.

కళాశాల కార్యవర్గం వారికి కూడా ఒక సవినయ విన్నపం. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం విద్యాసంస్థల భవనాలు అందరికీ ప్రవేశయోగ్యంగా ఉండవలెనని నిర్దేశిస్తున్నది. మన మెట్ల ప్రక్కన ఒక ఏటవాలు దారి నిర్మించడానికి కొన్ని బస్తాల సిమెంటు, కొంత సంకల్పం చాలును. గాయపడి కోలుకుంటున్న విద్యార్థికి హాజరులోనూ, పరీక్షలలోనూ నియమాలు అనుమతించిన మేరకు వెసులుబాటు కల్పించడానికి ఆ మాత్రం ఖర్చు కూడా లేదు. 1954లో వేలూరులో ఒక పెద్ద వైద్యుడు తన సహోద్యోగిని జాలితో సాగనంపి ఉంటే, ఆమె ఒక మూల గదిలో మరుగున పడిపోయేవారు. ఆయన ఆమెకు పని ఇచ్చారు. ఆమె వేలమందికి బ్రతుకునిచ్చే సంస్థను నిలిపారు. మన కళాశాల ద్వారం వద్ద మెట్లు చూచి వెనుదిరిగే బిడ్డ ఎవరో, వారిలో ఏ శక్తి దాగి ఉన్నదో మనకు తెలియదు. తెలియదు కనుకనే ద్వారం తెరచి ఉంచవలె.